ఆస్పిరిన్ మాత్రలో దాగిన నీలం

అనంతపురం జిల్లా చీనీ (బత్తాయి) తోటల్లో చెట్ల మొదళ్లు రెండు మూడు అడుగుల ఎత్తు దాకా లేతనీలం పూసుకుని కనిపిస్తాయి. బంక తెగులు పట్టకుండా రైతులు పూసే బోర్డో పేస్టు అది. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో ద్రాక్షతోటలను బూజు తెగులు నుంచి కాపాడటానికి 1885లో మిల్లార్డే అనే శాస్త్రవేత్త లోకానికి చెప్పిన మిశ్రమం ఇది. ఇన్నేళ్ల తర్వాత రాయలసీమలో చీనీ, దానిమ్మ రైతుల చేతిలో ఇంకా పనిచేస్తూనే ఉంది. అదే రైతు ఇంట్లో, పెద్దవాళ్ల మందుల డబ్బాలో, ఆస్పిరిన్ మాత్రల షీటు ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. ఒకప్పుడు తలనొప్పికీ ఒళ్లు నొప్పులకూ వేసుకున్న ఆ మాత్రను ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా చిన్న మోతాదులో, గుండె జబ్బు ఉన్నవాళ్లకు రాస్తున్నారు.

తోటలో ఉన్న మైలుతుత్తాన్నీ, డబ్బాలో ఉన్న ఆస్పిరిన్‌నూ వంటసోడా సాయంతో కలిపితే మూడో పదార్థం ఒకటి పుడుతుంది. పేరు కాపర్ ఆస్పిరినేట్. నీళ్లలో కరగని, కంటికి ఇంపైన నీలం పొడి. మైలుతుత్తం కూడా నీలమే కదా, ఇందులో వింతేముంది అనిపించవచ్చు. రెండు పొడులనూ పక్కపక్కన తెల్లకాగితం మీద పోస్తే తేడా వెంటనే తెలుస్తుంది. మైలుతుత్తం గాజుముక్కల్లా నిగనిగలాడుతూ నీళ్లు కనిపించగానే కరిగిపోతుంది. ఇది మెత్తగా, చిక్కటి రంగుతో, నీళ్లు పోసినా అలాగే అడుగున కూర్చుంటుంది. రెండింటిలోనూ రాగి ఒక్కటే. రాగి చుట్టూ చేరినవి వేరు. ఈ ప్రయోగంలోని విషయమంతా ఆ ఒక్క తేడాలోనే ఉంది.

డిగ్రీ కళాశాలల కెమిస్ట్రీ ల్యాబుల్లో ఆస్పిరిన్ తయారీ చాలాచోట్ల ఉన్నదే. శాలిసిలిక్ ఆమ్లం, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ కలిపి తెల్లపొడి తీస్తారు. బరువు తూచి రికార్డులో రాశాక దానితో పనైపోతుంది. ఆ తెల్లపొడిని పారేయకుండా ఇంకో గంట కేటాయిస్తే, అప్పటిదాకా పుస్తకంలో విడివిడి అధ్యాయాలుగా చదివిన ఆమ్లాలు, లవణాలు, లోహాల రంగులు, అయస్కాంతత్వం అన్నీ ఒకే బీకరులో ఎదురవుతాయి. కర్నూలు, కడప, అనంతపురంలోని ఏ చిన్న కళాశాలకైనా ఇది అందుబాటు ఖర్చులో అయ్యే పని. ఈ ప్రయోగం సిలబస్‌లో ఉండాలన్నది ఈ వ్యాసం గట్టిగా చెప్పదలచిన మాట.

నొప్పి మాత్ర అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది పారాసిటమాల్. దానితో ఈ పని జరగదు. లోహం వచ్చి పట్టుకోవాలంటే అణువులో ఒక కొక్కెం ఉండాలి. ఆస్పిరిన్‌కు ఆ కొక్కెం కార్బాక్సిల్ సమూహం: ఒక కార్బన్, దానికి రెండు ఆక్సిజన్లు, ఒక ఆక్సిజన్‌ను అంటుకుని వదులుగా ఉన్న హైడ్రోజన్. సోడాలాంటి బలహీన క్షారం తగిలినా ఆ హైడ్రోజన్ ఊడిపోతుంది. మిగిలిన రెండు ఆక్సిజన్లూ రుణావేశంతో లోహాన్ని పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. పారాసిటమాల్‌లో కార్బాక్సిల్ లేదు. దానిలో ఉన్న ఫినాల్ హైడ్రోజన్ వంటసోడాకు లొంగేంత వదులైనది కాదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌లకు మాత్రం కార్బాక్సిల్ ఉంది, కాబట్టి అవీ రాగితో లవణాలు ఇస్తాయి. ఒకే అరలో, ఒకే పనికి అమ్ముడయ్యే మాత్రలు రసాయనికంగా ఎంత దూరపు చుట్టాలో ఈ ఒక్క పరీక్ష చూపించగలదు.

ఇక తయారీ. ఆస్పిరిన్ 2 గ్రాములు, వంటసోడా 0.9 గ్రాములు, మైలుతుత్తం 1.3 గ్రాములు. ఈ లెక్క ఊరికే వచ్చింది కాదు. కాపర్ ఆస్పిరినేట్ అణువులో రెండు రాగి అయాన్లకు నాలుగు ఆస్పిరిన్లు ఉంటాయి, అంటే ఒక రాగికి రెండు. ఆస్పిరిన్ అణుభారం 180, వంటసోడాది 84, అయిదు నీటి అణువులతో కలిపి మైలుతుత్తానిది దాదాపు 250. ఈ అంకెలతో లెక్క కడితే పై బరువులు వస్తాయి, ఆస్పిరిన్ ఒక పిసరు ఎక్కువగా మిగులుతుంది. అలా మిగలడం కావాలని చేసినదే. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఆస్పిరిన్ చల్లటి నీళ్లలో సరిగా కరగదు. లీటరు నీటిలో మూడు గ్రాములు కరగడమే గొప్ప. అందుకే పొడిని నేరుగా మైలుతుత్తం నీళ్లలో వేస్తే ఏమీ జరగదు. నీలపు నీళ్ల అడుగున తెల్లపొడి అలాగే పడి ఉంటుంది. ముందుగా ఆస్పిరిన్ పొడిని కొద్ది నీళ్లలో వేసి, వంటసోడాను చిటికెడు చిటికెడుగా కలుపుతూ పోవాలి. బుసబుసమని నురగ వస్తుంది. అది కార్బన్ డయాక్సైడ్. బుస తగ్గేసరికి ఆస్పిరిన్ చాలావరకు సోడియం లవణంగా మారి నీళ్లలో కలిసిపోతుంది. కరగకుండా మిగిలినదాన్ని, మాత్రల నుంచి వచ్చిన పిండిలాంటి పదార్థాన్ని ఫిల్టర్ పేపరుతో వడకట్టి తీసేయాలి. ఇంకో బీకరులో మైలుతుత్తాన్ని విడిగా కరిగించి, వడకట్టిన నీళ్లలోకి మెల్లగా పోస్తే, రెండు తేట ద్రావణాలు కలిసిన చోటనే నీలం ముద్దగా విరిగిపడుతుంది. పాలు విరిగినట్టే, కాకపోతే రంగు తేడా. పద్ధతిగా చేస్తే 2.2 గ్రాముల దాకా రావాలి. వడపోతలో, కడగడంలో కొంత పోతుంది. కడిగిన పొడిని నీడలో ఆరబెడితే చాలు. కర్నూలు ఎండల్లో దానికి ఎంతోసేపు పట్టదు.

చెప్పినంత సులువుగా ప్రతిసారీ నీలం రాదు. అలా రాని సందర్భాల్లోనే నేర్చుకునేది ఎక్కువ ఉంది.

సోడా ఎక్కువైతే ఏమవుతుంది? ఆస్పిరిన్ అంతా అయిపోయాక మిగిలిన సోడా నేరుగా రాగి మీద పడుతుంది. పాత రాగి చెంబులకు పట్టే చిలుముకు దగ్గరి పదార్థం, పచ్చని కాపర్ కార్బొనేట్, నీలంలో కలిసిపోతుంది. దాన్ని వేరుచేయడం కష్టం. ఆస్పిరిన్‌ను ఒక పిసరు ఎక్కువ తీసుకోమన్నది ఇందుకే. మిగిలిన ఆస్పిరిన్ కరగకుండా ఫిల్టర్ పేపర్ మీదే ఆగిపోతుంది, సోడా మాత్రం మిగలదు.

వంటసోడా బదులు కాస్టిక్ సోడా వాడితే త్వరగా అవుతుందని కొందరికి అనిపించవచ్చు. అది ఆస్పిరిన్‌నే విరగ్గొడుతుంది. ఆస్పిరిన్ అంటే శాలిసిలిక్ ఆమ్లానికి ఎసిటైల్ అనే చిన్న తోక తగిలించిన అణువు. బలమైన క్షారం ఆ తోకను తెంచేస్తుంది. అప్పుడు మిగిలే శాలిసిలేట్ రాగితో కలిసి ద్రావణాన్ని ఆకుపచ్చ వైపు తిప్పుతుంది. పాతబడిన మాత్రలతోనూ ఇదే చిక్కు. తేమ తగిలిన ఆస్పిరిన్ నెమ్మదిగా శాలిసిలిక్ ఆమ్లంగా, ఎసిటిక్ ఆమ్లంగా విడిపోతుంది. చాలాకాలం నిల్వ ఉన్న సీసా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే కారణం అదే. వాడబోయే పొడిని చిటికెడు తీసుకుని, కొద్దిగా ఆల్కహాల్ కలిపిన నీళ్లలో వేసి, ఒక చుక్క ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే సంగతి బయటపడుతుంది. విడిపోయిన శాలిసిలిక్ ఆమ్లం ఉంటే ఊదారంగు తేలుతుంది. ఆ ఊదా కూడా లోహపు రంగే, ఇక్కడ లోహం ఇనుము.

మాత్రల రకం కూడా చూసుకోవాలి. నీళ్లలో వేయగానే బుసబుసమంటూ కరిగే ఆస్పిరిన్ మాత్రల్లో కాల్షియం కార్బొనేట్, సిట్రిక్ ఆమ్లం లాంటివి ఉంటాయి. సిట్రిక్ ఆమ్లం రాగిని తనే పట్టేసుకుంటుంది. కాల్షియం వెళ్లి సల్ఫేట్‌తో కలిసి తెల్ల అవక్షేపం ఇవ్వగలదు. గుండె రోగులకిచ్చే చిన్న మాత్రల మీద పొట్టలో కరగని పూత ఉంటుంది, అదీ అడ్డమే. పైగా ఆ మాత్రలు రోగి రోజూ వేసుకోవాల్సినవి. వాటి జోలికి పోనక్కర్లేదు. ల్యాబులో తయారుచేసిన ఆస్పిరినే అన్నిటికన్నా మేలు.

నీళ్ల గురించి అనంతపురంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇక్కడి బోరునీళ్లలో బైకార్బొనేట్లు, కాల్షియం ఎక్కువ. గిన్నెల అడుగున తెల్లగా పేరుకునే పొరే అందుకు సాక్ష్యం. అలాంటి నీళ్లలో మైలుతుత్తం కలిపితే తేటగా ఉండాల్సిన ద్రావణం మబ్బుగా మారుతుంది, ఆస్పిరిన్ కలపకముందే రాగి కొంత కార్బొనేట్‌గా విరిగిపోతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక క్యాన్ కొంటే ఈ టెన్షన్ ఉండదు. ఒక విద్యార్థికి రంగు సరిగా రాకపోతే, తప్పు చేతిదని తిట్టేముందు నీళ్లు ఎక్కడివో అడగాలి.

వచ్చిన నీలం పొడిని ఎన్నిసార్లు కడగాలి? మైలుతుత్తం నుంచి వచ్చిన సల్ఫేట్ పూర్తిగా పోయేదాకా. కడిగిన నీళ్లు కొన్ని టెస్ట్‌ట్యూబులోకి తీసి, బేరియం క్లోరైడ్ ద్రావణం చుక్క వేస్తే, సల్ఫేట్ ఇంకా ఉన్నంతవరకు తెల్లటి మబ్బు కడుతుంది. ఆ తెల్లదనం కడప ప్రాంతానికి బాగా తెలిసిన వస్తువే. పాత కడప జిల్లాలోని మంగంపేటలో తవ్వి తీసే ముగ్గురాయి అచ్చం ఈ బేరియం సల్ఫేటే. కోట్ల ఏళ్ల కింద భూమిలో పేరుకున్న ఖనిజం టెస్ట్‌ట్యూబులో ఒక్క క్షణంలో కనిపిస్తుంది. ముగ్గురాయి నీళ్లలో కరగదు కాబట్టి హాని చేయదు. బేరియం క్లోరైడ్ మాత్రం కరిగే విషం, దాన్ని అధ్యాపకులే చేతిలో ఉంచుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ నీలం ఎక్కడిది?

మైలుతుత్తం అనే పేరులోనే రంగు ఉంది. తమిళంలో మయిల్ అంటే నెమలి. సంస్కృతంలో దీన్ని మయూరతుత్థం అన్నారు. నెమలి మెడ రంగును చూసి పెట్టిన పేరు. కానీ ఆ రంగు పూర్తిగా రాగి సొత్తు అనుకుంటే పొరపాటు. మైలుతుత్తం పలుకులను టెస్ట్‌ట్యూబులో వేసి బాగా వేడిచేస్తే నీళ్లన్నీ ఆవిరై తెల్లపొడి మిగులుతుంది. రాగి ఎక్కడికీ పోలేదు, నీలం పోయింది. చల్లారాక ఒక్క చుక్క నీళ్లు వేస్తే మళ్లీ నీలం. అదే ద్రావణంలో అమ్మోనియా కలిపితే చిక్కటి వంకాయ నీలంలోకి పోతుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే పసుపు కలిసిన ఆకుపచ్చ అవుతుంది. అన్నిటిలోనూ రాగి ఒక్కటే.

కాపర్ అయాన్ బయటి కక్ష్యలో పది ఎలక్ట్రాన్లు పట్టే అయిదు గదులు ఉంటాయి, ఉన్న ఎలక్ట్రాన్లు తొమ్మిది. ఒక చోటు ఖాళీ. అయాన్ ఒంటరిగా ఉన్నంతకాలం ఆ అయిదు గదుల శక్తీ సమానమే. చుట్టూ ఆక్సిజన్లో నైట్రోజన్లో చేరగానే కొన్ని గదులు పైకి, కొన్ని కిందికి జరుగుతాయి. కింది గదిలోని ఎలక్ట్రాన్ పైనున్న ఖాళీలోకి ఎగరాలంటే కాంతి నుంచి శక్తి తీసుకోవాలి. అది ఏ రంగు కాంతిని మింగుతుందో ఆ రంగు మనకు కనిపించదు, మిగిలినది కనిపిస్తుంది. కార్బాక్సిలేట్లు చుట్టుముట్టిన ఇలాంటి జంట రాగి లవణాలు 700 నానోమీటర్ల దగ్గరి ఎరుపు కాంతిని మింగుతాయి. తెల్ల వెలుగులోంచి ఎరుపు తీసేస్తే కంటికి చేరేది నీలం, నీలిపచ్చ. పొరుగువాళ్లు మారితే గదుల మధ్య ఎడం మారుతుంది, ఎడం మారితే రంగు మారుతుంది.

కాపర్ ఆస్పిరినేట్‌లో ఆ పొరుగు చాలా అందంగా అమరుతుంది. రెండు రాగి అయాన్లు దగ్గరదగ్గరగా నిలబడతాయి. నాలుగు ఆస్పిరిన్లు నాలుగు దిక్కుల నుంచి వస్తాయి. ఒక్కో ఆస్పిరిన్ తన కొక్కేనికున్న రెండు ఆక్సిజన్లలో ఒకదానితో ఒక రాగిని, రెండోదానితో ఇంకో రాగిని పట్టుకుంటుంది. పైనుంచి చూస్తే నడుమ చుక్క పెట్టి నాలుగు రేకులు వేసిన ముగ్గులా ఉంటుంది. ఆ చుక్క కింద ఇంకో చుక్క దాగి ఉంటుంది. రేకుల చివర బెంజీన్ వలయాలు బయటికి తిరిగి ఉండటం వల్ల నీళ్లకు దీన్ని కరిగించే పట్టు చిక్కదు.

కంటికి కనపడని ఈ జంట సంగతి ఎలా తెలిసింది? ఆస్పిరినేట్‌కు అన్నలాంటి కాపర్ ఎసిటేట్ దీనికి దారి చూపింది. రాగి అయాన్‌లో జత లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది కాబట్టి అది చిన్న అయస్కాంతంలా ప్రవర్తించాలి. చల్లబరిచేకొద్దీ ఆ అయస్కాంత గుణం పెరగాలి. కాపర్ ఎసిటేట్‌ను చల్లబరిస్తే అది తగ్గిపోతోందని 1951లో గుహ అనే శాస్త్రవేత్త కొలిచి చూపించాడు. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో బ్లీనీ, బోవర్స్ ఇద్దరూ దానికి కారణం ఊహించారు: రాగి అయాన్లు జంటలుగా ఉండాలి, జంటలోని రెండు ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి ఎదురుగా తిరిగి ఒకదాని అయస్కాంతత్వాన్ని మరొకటి చెరిపేస్తుండాలి. అణువు ఆకారం ఎవరూ చూడకముందే చెప్పిన మాట అది. 1953లో వాన్ నీకెర్క్, షోనింగ్ ఎక్స్‌కిరణాలతో స్ఫటికాన్ని పరీక్షిస్తే జంటలు నిజంగానే కనబడ్డాయి. రెండు రాగి అయాన్ల మధ్య దూరం 2.64 ఆంగ్‌స్ట్రాములు (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు). రాగి బిందెలోని రెండు పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 2.56. అంటే లవణంలో ఉండి కూడా అవి దాదాపు లోహంలో ఉన్నంత దగ్గరగా ఉన్నాయి. రాగి రంగు గురించి చెప్పే పాఠంలో ఈ కథ చెప్పకుండా వదిలేయడం పిల్లలకు అన్యాయం చేయడమే.

కీళ్లనొప్పులకు రాగి కడియం వేసుకునే అలవాటు రాయలసీమలోనూ ఉంది. అనంతపురంలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కీళ్లు, ఎముకలు దెబ్బతిన్న పల్లెలు ఉన్నాయి, నొప్పితో బతికే మనుషులు ఉన్నారు. అలాంటి చోట రాగినీ నొప్పి మాత్రనూ కలిపిన మందు అనే మాట వినగానే ఆశ పుడుతుంది. కాబట్టి ఈ సంగతి నిక్కచ్చిగా చెప్పాలి. ఆస్పిరిన్ తన ఎసిటైల్ తోకను శరీరంలోని ఒక ఎంజైముకు అంటించి, నొప్పినీ వాపునూ పెంచే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుంది. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటుందని బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించాడు, 1982లో నోబెల్ పంచుకున్నాడు. రాగితో కలిసిన ఆస్పిరిన్ ఎలుకల్లో వాపును ఆస్పిరిన్ కన్నా బాగా తగ్గిస్తోందని, కడుపులో పుండ్లు తక్కువగా కలిగిస్తోందని 1976లో అమెరికా శాస్త్రవేత్త జాన్ సోరెన్సన్ వెల్లడించాడు. ఆ దారిలోనే ఇండోమెథాసిన్ అనే మరో నొప్పి మందు రాగి లవణం ఆస్ట్రేలియాలో పశువైద్యం దాకా వచ్చింది. కాపర్ ఆస్పిరినేట్ మాత్రం మన మందుల షాపుల్లో దొరికే మందు కాలేదు. కడియం సంగతికొస్తే, 2013లో బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 70 మంది రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) రోగులతో చేసిన పరీక్షలో రాగి కడియం నొప్పినీ వాపునూ తగ్గించినట్టు తేలలేదు.

బీకరులో చేసిన నీలం పొడిని నాలుక మీద పెట్టుకోకూడదు. దాని బరువులో 15 శాతం రాగే. తోటల కోసం అమ్మే మైలుతుత్తంలో ఇతర లోహాల మలినాలు ఉండవచ్చు. మైలుతుత్తం కడుపులోకి పోతే వాంతులతో మొదలై కాలేయం, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒక రసాయనాన్ని చేతితో తయారుచేయగలగడం వేరు, దాన్ని మనిషికి మందుగా ఇవ్వగలగడం వేరు. ఆ రెండో పనికి ఏళ్ల తరబడి పరీక్షలు కావాలి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, ల్యాబు గిన్నెలు ల్యాబుకే. వంటింటి గిన్నెలో ఈ పని ఎవరూ చేయకూడదు.

మిగిలిన నీలపు నీళ్లను కాలువలో పోయకూడదు. రాగి చేపలకు విషం. ఇక్కడ మళ్లీ చీనీ రైతు దగ్గరికే వెళ్లాలి. బోర్డో మిశ్రమం కలిపాక సున్నం సరిపోయిందో లేదో చూడటానికి కొడవలి కొసను ఒక నిమిషం అందులో ముంచుతారు. ఇనుము మీద ఎర్రటి పూత పడితే రాగి ఇంకా విడిగా ఉన్నట్టే, సున్నం ఇంకొంచెం వేయాలి. ఇనుము ద్రావణంలోకి దిగి, రాగి లోహంగా బయటికి వస్తుంది. ల్యాబులో మిగిలిన నీళ్లలో పాత ఇనుప మేకులు గుప్పెడు వేసి ఒక రాత్రి వదిలేస్తే అదే జరుగుతుంది. తెల్లారేసరికి నీలం పలచబడి, నీళ్లు లేతగా మారి, మేకుల మీద బిందె రంగులో ఎర్రటి రాగి పొర పట్టి ఉంటుంది. ఆ నీళ్లలో శుభ్రం చేసిన కొత్త మేకు ఒకటి ముంచి చూసి, దానికి ఎరుపు పట్టకపోతేనే పారబోయాలి.